చీకటిపడని గుండె ముక్క

మంగళవారం పొద్దున పదకొండూ నలభైకి పెట్టె వచ్చింది. థర్మాకోల్ పెట్టెలో మంచు, మంచు మధ్య డబ్బా, డబ్బాలో చల్లటి ఉప్పునీళ్లలో ఒక మనిషి గుండెలోంచి కోసిన తునక. అగ్గిపెట్టెంత ఉంటుంది. పైన పేరు ఉండదు, నంబరు మాత్రమే. ఎవరిదో మాకు తెలియకూడదని ల్యాబు నియమం. రోడ్డుకి అవతలి ఆసుపత్రిలో ఆ పొద్దున జరుగుతున్న గుండె మార్పిడి ఒక్కటే, ఆ బల్ల మీద పడుకున్నది మా అక్క. ఇంక నాకు తెలియకపోవడం ఏమిటి? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు నేను ఆ నంబరు పుస్తకంలో రాసుకుని చేతులు కడుక్కున్నాను.

నేను తప్పుకోవాల్సింది. "ఇది మా అక్కదండీ" అని పెద్దాయనతో ఒక్క మాట అంటే సరిపోయేది. పెద్దాయనంటే మా ల్యాబు అధిపతి. కానీ అలాంటి తునకని మూడు వెంట్రుకల మందాన పొరలుగా కోసే చెయ్యి ఆ భవనంలో నాదొక్కటే. వణికే బ్లేడు పక్కన గంటసేపు ఊపిరి బిగబట్టి కూచోవాలి. ఇంకెవరు ముట్టుకున్నా అది సాయంత్రానికి చచ్చి ఊరుకుంటుంది. నిజానికి ఇది కూడా సాకే. మా అక్క గుండె మీద ఇంకొకళ్లు చెయ్యి వేయడం నాకు ఇష్టం లేకపోయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకే అక్క నన్ను చిన్నప్పటి నుంచీ మిరపకాయ అంటుంది.

మేం చూసేది కాల్షియాన్ని. గుండె కణం లోపల కాల్షియం దాచుకునే గది ఒకటి ఉంటుంది. కరెంటు తగలగానే గది తలుపు తెరుచుకుని కాల్షియం బయటికొస్తుంది, కణం ముడుచుకుంటుంది. వెంటనే ఒక పంపు దాన్ని మళ్లీ గదిలోకి తోడేస్తుంది, కణం సడలుతుంది. కాల్షియం తగిలితే మెరిసే రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఇదంతా కంటికి కనిపిస్తుంది. ఒక మెరుపు, కాస్త చీకటి, మళ్లీ మెరుపు. జబ్బుపడిన గుండెలో మెరుపు మసకగా ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. ఎవరూ ఊహించనిది చీకటి గురించి. అక్కడ చీకటి సరిగ్గా పడదు. పంపు అలిసిపోయి పూర్తిగా తోడలేదు. తలుపేమో బిగువు తప్పి, కట్టేసిన కుళాయి కారినట్టు కారుతుంది. రెండు మెరుపుల నడుమ, అంతా నల్లగా ఉండాల్సిన చోట, చిన్న చిన్న మిణుకులు లేస్తాయి. ఇలా కారిపోతే మరుసటి మెరుపుకి గదిలో మిగిలేది ఎంత? ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకి నేను ఒకటే చెబుతాను: ఈ కణం పని మానేయదు, విశ్రాంతి మానేస్తుంది.

ఆ రోజు ఆరు పొరలు తీశాను, ఆరు గిన్నెల్లో పెట్టాను. పోషకాలు కలిపిన ద్రవం, అటూ ఇటూ రెండు తీగలు, సెకనుకోసారి చిన్న కరెంటు తట్టు, పైన రాత్రింబవళ్లు చూసే కెమెరా. ఇవి ఉంటే నెలల తరబడి బతుకుతాయి. మూడు గిన్నెల్లో పంపుని బాగుచేస్తుందనుకుంటున్న కొత్త మందు, మూడింట్లో మందు లేని నీళ్లు. ఏ గిన్నెలో ఏముందో కొలిచే నాకు తెలియదు. లెక్కలు చూసే ఆయనకి మాత్రమే తెలుసు. మామూలు మనుషుల నోట్లో నువ్వుగింజ నానదంటారు, ఆయన నోట్లో గులకరాయి వేసినా నానుతుంది. అందుకే ఆయన్ని మేం గుట్టాయన అంటాం.

మూడో రోజు రికార్డు తీసి చూస్తే మిణుకులు రోజంతా సమానంగా లేవు. మామూలుగా ఉండే కారుడుకి తోడు, కొన్ని వేళలకి గుంపులు గుంపులుగా లేచి, పది నిమిషాలు గింజుకుని, అణిగిపోతున్నాయి. పొద్దున అయిదూ ఇరవై. ఆరూ నలభై అయిదు. ఎనిమిదీ పది. మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. నాలుగున్నర. సాయంత్రం ఏడూ పావు. నాలుగో రోజూ అవే వేళలు. ఆరు గిన్నెల్లోనూ ఒకేసారి.

మా వృత్తిలో ఉన్నవాళ్లకి ఇలాంటిది చూస్తే మొదట వచ్చే అనుమానం కరెంటు మీదే. లిఫ్టు మోటారో, పై అంతస్తు ఏసీయో అని తేల్చేశాను. యంత్రాన్ని బ్యాటరీ మీదకి మార్చాను. మిణుకులు మారలేదు. లిఫ్టు మెకానిక్‌ని పట్టుకుని ఎడాపెడా దులిపేశాను. ఆయన రెండు రోజులు మీటరు పెట్టి చూసి, "మేడమ్, మీ గోడలో కరెంటు మీకంటే శాంతంగా ఉంది. కావాలంటే మీకు ఇబ్బంది వస్తున్న టైములు కాగితం మీద రాసివ్వండి, చూస్తా" అన్నాడు. ఆరు వేళలూ రాసి, ఆయన అప్పటికే వెళ్లిపోవడంతో సంచిలో వేసుకున్నాను.

ఆ రోజుల్లో నేను అక్క ఇంట్లోనే ఉంటున్నాను. అక్క ఇంకా ఐసీయూలోనే ఉంది. ఇంట్లో బావ, ఎనిమిదో క్లాసు చదివే వాళ్లమ్మాయి, జారిపడి తుంటి విరిగి మంచానికి అంటుకుపోయిన బావ వాళ్లమ్మ. బావ బస్సు డ్రైవరు. అక్క ఇంట్లో మిషన్ పెట్టుకుని బడి యూనిఫారాలు కుడుతుంది. ఆపరేషన్‌కి వెళ్లే ముందు అక్క ఏ వేళకి ఏం చేయాలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అతికించింది. ఆ కాగితం చూసుకుంటూ నేనూ బావా పనులు లాక్కొస్తున్నాం.

సంచిలోంచి తాళాలు తీస్తుంటే నా కాగితం కింద పడింది. బావ తీసి చూశాడు.

"ఫ్రిజ్ మీద ఉండగా మళ్లీ రాసుకోవడం దేనికి?" అన్నాడు. "అయినా ఇందులో ఒంటిగంటా నలభై ఎక్కువ రాశావు. ఆ టైములో ఏ పనీ లేదుగా."

నేను ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. అయిదూ ఇరవై: అత్తయ్యని పక్కకి తిప్పాలి. ఆరూ నలభై అయిదు: ఆయన డ్యూటీ, లంచ్ బాక్సు. ఎనిమిదీ పది: పిల్ల స్కూలు బస్సు. నాలుగున్నర: అత్తయ్యకి మందు, కాళ్లు కదిలించాలి. ఏడూ పావు: అత్తయ్యకి ఒళ్లు తుడిచి పక్క మార్చాలి. వారం రోజులుగా ఆ కాగితం చూసే పని చేస్తున్నాను, నాలుగు రోజులుగా ఆ వేళలనే తెర మీద చూస్తున్నాను. రెండూ కలిపి చూడాలని నాకు తట్టలేదు.

"ఏమైంది?" అన్నాడు బావ.

"ఏం లేదు బావా. ఎక్కువ రాసినట్టున్నాను" అన్నాను.

ఎవరితో చెప్పను? చెబితే నవ్వుతారు. నవ్వకపోతే ఇంకా భయం. మర్నాటి నుంచి అయిదుంబావుకే ల్యాబుకి వెళ్లి, ఆ గిన్నెలుండే ఇంక్యుబేటరు ముందు స్టూలు వేసుకుని కూచునేదాన్ని. అత్తయ్యగారిని తిప్పే పని బావకి అప్పజెప్పాను. సరిగ్గా అయిదూ ఇరవైకి, ఎవరూ పిలవని ఆ ముక్క, తిప్పడానికి చేతులు లేని ఆ ముక్క, ఉలిక్కిపడినట్టు మిణుకు మిణుకుమంటూ లేచేది. నా అక్క అలాగే లేస్తుంది. అలారం మోగక ముందే.

తర్వాత అది మరిచిపోవడం మొదలుపెట్టింది. పదో రోజున ఏడూ పావు పోయింది. రెండు రోజులకి నాలుగున్నర. తర్వాత పొద్దుటివి ఒక్కొక్కటీ. ఒంటిగంటా నలభై చివరిదాకా పట్టుకుని వేలాడింది. ఇరవై ఒకటో రోజున అదీ పోయింది. మెరుపు నిండుగా, వెంటనే నల్లటి చీకటి. ఆరోగ్యమైన గుండెలో కూడా నేనంత శుభ్రమైన చీకటి చూడలేదు. ఆ ముక్క మా ఇంట్లో అందరినీ మరిచిపోయి హాయిగా ఉంది.

మందు పనిచేసిందని పెద్దాయన చంకలు గుద్దుకున్నాడు. గుట్టాయన, ఏ గిన్నెలో ఏముందో రాసిపెట్టిన కవరు చించాడు. మందు వేసిన గిన్నెలు ఎంత బాగుపడ్డాయో, నీళ్లు వేసినవీ అంతే బాగుపడ్డాయి. "కొండను తవ్వి ఎలుకను పట్టాం" అని పెద్దాయన నిట్టూర్చి వెళ్లిపోయాడు. నేను వాష్‌రూములోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను. ఏ మందూ అక్కర్లేకపోయింది. మా అక్క బతుకుకి మూడు వారాలు దూరంగా ఉంటే చాలింది.

నెలకి అక్క ఇంటికొచ్చింది. నేను నా గదికి వెళ్లిపోయాను. ఇదివరకటిలాగే మధ్యాహ్నం లంచ్ టైములో ఫోను చేసి మాట్లాడేదాన్ని. బరువులెత్తొద్దనీ, విశ్రాంతి తీసుకోమనీ డాక్టర్లు మరీమరీ చెప్పారు. మొదటి నెల విన్నది. తర్వాత లంచ్ బాక్సు తన చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత పిల్ల జడ. ఆ తర్వాత అత్తయ్యగారి పక్క. మిషన్ మీద గుడ్డ కూడా తీసేసింది. ఎప్పుడు అడిగినా, "చూస్తూ కూచోలేనే" అనేది.

మూడో నెలలో కొత్త గుండెకి బయాప్సీ చేశారు. బియ్యపు గింజంత ముక్కలు నాలుగు తీస్తారు. మూడు ఆసుపత్రికి, ఒకటి మాకు. రిపోర్టు బాగా వచ్చింది. ఒళ్లు కొత్త గుండెని ఒప్పుకుందన్నారు. మా గింజని నేను గిన్నెలో పెట్టి తీగలు అమర్చాను. ముక్కూ మొహం తెలియని మనిషి గుండె అది. వయసులో ఉండి, ఏ జబ్బూ లేకుండా, రోడ్డు ప్రమాదంలో పోయిన మనిషిదట. మొదటి రోజు కుదురుగా కొట్టుకుంది.

రెండో రోజు పొద్దున అయిదూ ఇరవైకి అందులో మిణుకులు లేచాయి.

ఆరూ నలభై అయిదుకి, ఎనిమిదీ పదికి, ఒంటిగంటా నలభైకి, అన్నిటికీ లేచాయి. బతికున్నప్పుడు ఆ మనిషి మా అక్క ఇంటి గడప తొక్కలేదు. అయినా పాఠం అప్పజెప్పినట్టు వేళ తప్పకుండా లేచాయి. ఇప్పుడు కారుతున్నది కొద్దిగానే. ఆసుపత్రి రిపోర్టులో ఇది కనిపించదు. కనిపించే నాటికి ఏళ్లు గడుస్తాయి, గుండె సాగిపోయి ఉంటుంది, అప్పుడు మూడో గుండె ఎవరిస్తారు? అదే మాట తలలో తిరుగుతుంటే, రికార్డు కాగితం మీద ముద్రించుకుని అక్క దగ్గరికి పరిగెత్తాను.

అక్క మిషన్ ముందు కూచుని ఉంది. నీలం రంగు బట్టలు పక్కన గుట్టగా ఉన్నాయి. కాగితం ఆమె ఒళ్లో పరిచాను. పాత ముక్క సంగతీ కొత్త ముక్క సంగతీ అంతా చెప్పేశాను, నియమం తప్పిన సంగతితో సహా.

అక్క మిషన్ పెడల్ మీద నుంచి కాలు తీసింది.

"అంటే నా గుండె నువ్వే కోశావా?"

"నేనే కోశానక్కా."

"నెమ్మదిగా కోశావా?"

"చాలా నెమ్మదిగా కోశాను."

"అయితే ఫర్వాలేదు" అని కాగితం దగ్గరగా తీసుకుంది. వేలితో గీతల గుంపులు ఒక్కొక్కటే తడుముతూ చదివింది. నేను ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, అంత తేలిగ్గా నాకు చదవడం రాదు. "ఇది అత్తయ్య. మొన్న ఎడమ వైపుకి తిప్పితే అరిచారు, చూడు, ఇక్కడ ఎంత ఎత్తుగా ఉందో. ఇది మీ బావ బాక్సు. ఇది బస్సు. ఆ రోజు పిల్లకి సాక్సు దొరకలేదు."

"మరి ఒంటిగంటా నలభై? ఆ టైములో నీకేం పని ఉందక్కా? ఎంత ఆలోచించినా తెలియలేదు."

అక్క నా వైపు చూసి, నవ్వాలో వద్దో తెలియనట్టు మొహం పెట్టింది.

"నిజంగా తెలియలేదా? నీ ఫోనే, మిరపకాయా."

పదకొండేళ్లుగా, అక్క ఆసుపత్రిలో ఉన్న రోజులు తప్పితే, ప్రతి మధ్యాహ్నం లంచ్ బాక్సు మూత తీస్తూ అక్కకి ఫోను చేస్తాను. పెద్దాయన ఏమన్నాడు, ఇంటివాళ్లు నీళ్లు ఎందుకు ఆపారు, నాతో చదివినవాళ్లంతా ఎక్కడికి వెళ్లిపోయారు, నేనెక్కడ ఉండిపోయాను. నా కడుపులో ఉన్న ఉక్రోషమంతా పోసేసి, తేలికపడి, మళ్లీ పనిలోకి వెళతాను. ఆ ఇంట్లో అందరి మీదా పళ్లు నూరాను కదా, అక్కని పీక్కు తింటున్నారని. చివరిదాకా పట్టుకుని వేలాడింది నేనే.

"మొహం అలా పెట్టకు" అంది అక్క. "నువ్వు చెప్పకపోతే ఎవరితో చెప్పుకుంటావు?"

మర్నాడు నేను ఫోను చేయలేదు. బాక్సు తెరవకుండా తెర ముందు కూచున్నాను. ఒంటిగంటా నలభై అయింది. ముక్క మెరిసింది, చీకటి పడింది, మెరిసింది, చీకటి పడింది. ఒక్క మిణుకు లేదు. నలభై అయిదు. లేదు. ఇంత చిన్న పనా అనిపించింది. ఇన్నేళ్లూ నోరు మూసుకుని ఉంటే సరిపోయేదా అనిపించింది.

ఒంటిగంటా యాభై రెండుకి మొదలయ్యాయి. ముందు ఒక మూల, తర్వాత ఇంకో మూల, తర్వాత ముక్కంతా. నేనెప్పుడూ అన్ని చూడలేదు. చీకటి అన్నదే లేకుండా పోయింది, తెరంతా తెల్లగా ఉడుకుతోంది. ఇదంతా పాత అలవాటు, ముక్కకి మిగిలిన జ్ఞాపకం అని అప్పటిదాకా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నేను ఫోను చేయలేదన్న సంగతి జ్ఞాపకానికి ఎలా తెలుస్తుంది?

ఫోను మోగింది. అక్క.

"ఏమే, ఇవాళ ఎవరి మీదా కోపం రాలేదా?" అంది. గొంతులో హాస్యం ఉంది, దాని కింద వణుకు ఉంది. "ఒంట్లో బాగానే ఉందా? పావుగంట నుంచి ఫోను చేత్తో పట్టుకుని తిరుగుతున్నా."

"బాగానే ఉన్నానక్కా." తెర ఇంకా ఉడుకుతూనే ఉంది. ఏం చేయాలో తోచలేదు. ఫోను చేస్తే ఒక బరువు, చేయకపోతే ఇంకో బరువు. "అక్కా, ఇవాళ నువ్వు చెప్పు. నేను వింటాను."

"నాకేం ఉన్నాయే చెప్పడానికి?"

"ఏదో ఒకటి. నేను ఫోను పెట్టను."

అవతల మిషన్ చప్పుడు రెండుసార్లు వినిపించి ఆగింది. తర్వాత అక్క గొంతు బాగా తగ్గించి, పక్కన ఎవరో వింటారన్నట్టు మాట్లాడింది.

"ఖాళీగా కూచుంటే దాని చప్పుడు వినిపిస్తుందే. నాది కాని చప్పుడు. నా దానికంటే తొందర తొందరగా కొట్టుకుంటుంది. నేను ఆగితే, తను ఎక్కడుందో దానికి తెలిసిపోతుందేమో, నేను పరాయిదాన్నని తెలిసి అదీ ఆగిపోతుందేమో అని భయం. అందుకే ఏదో ఒక పని చేస్తూ ఉంటా. పనిలో ఉంటే అది నన్ను పట్టించుకోదు."

ఈ మాట అక్క డాక్టర్లతో అనలేదు, బావతో అనలేదు. నేను అడగలేదు. పదకొండేళ్లలో ఒక్కసారైనా, "నువ్వెలా ఉన్నావు" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగలేదు.

"అక్కా, మిషన్ దగ్గర నుంచి లేచి కుర్చీ లాక్కుని కూచో" అన్నాను. "చేతిలో ఏముంటే అది కింద పెట్టు. వినిపిస్తే వినిపించనీ. ఇద్దరం విందాం."

"నాకు భయమే."

"నాకూ భయమే. కూచో."

కుర్చీ జరిగిన చప్పుడైంది. నేను స్టూలు తిప్పి తెరకి వీపు పెట్టి కూచున్నాను. నా వెనక ఆ ముక్క ఏం చేస్తోందో నాకు తెలియదు. ఫోనులో అక్క ఊపిరి వినిపిస్తోంది. బిగబట్టిన ఊపిరి. గోడ గడియారంలో పది నిమిషాలు గడిచాయి, ఇంకో పది గడిచాయి.

"ఏం వినిపిస్తోందక్కా?"

"కొట్టుకుంటోంది" అంది. కాసేపాగి, "నేనేమీ చేయకపోయినా కొట్టుకుంటోందే" అని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

ఏడవనిచ్చాను. తెర వైపు తిరగలేదు.